క్లచ్ సామాను నేనే కొని తీసుకెళ్తే షెడ్డులో బిగించనన్నారు, ఇది న్యాయమేనా?

హంటర్‌రోడ్_స్విఫ్ట్
నా బండి 2014 మోడల్ డీజిల్ స్విఫ్ట్, ఏపీ 36 నంబరు, లక్షా ఇరవై వేల కిలోమీటర్లు తిరిగింది. నెల రోజులుగా కాజీపేట వంతెన ఎక్కేటప్పుడు ఇంజను మోత పెరుగుతోంది గానీ బండి సాగడం లేదు. క్లచ్ అయిపోయిందని నాకూ తెలిసింది. హనుమకొండలో ఆరేళ్ళుగా నేను వెళ్తున్న షెడ్డులో అడిగితే సామానుకు 9,400, మజూరీకి 3,000 అన్నారు. ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగు కలిసిన కంపెనీ సెట్టు నాకు ఆన్‌లైన్‌లో 6,350కి దొరికింది. తెప్పించుకుని, పెట్టె సీలు కూడా విప్పకుండా షెడ్డుకు తీసుకెళ్ళాను. ఆయన పెట్టెను చేతిలోకి కూడా తీసుకోలేదు. "మీ సామాను మేము బిగించం. తప్పదంటే మజూరీ 5,000 అవుతుంది, గ్యారంటీ ఉండదు" అన్నారు. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా బేరమాడని గిరాకీని నేను, ఆ మాట నాకు చాలా బాధ కలిగించింది.

చివరికి ములుగు రోడ్డు వైపు ఇంకో షెడ్డులో 3,500కు బిగించారు. 700 కిలోమీటర్లు తిరిగేసరికి మొదటి గేరులో బండి కదిలేటప్పుడు గజగజ వణకడం మొదలైంది. బిగించినవారు సామాను బాగాలేదంటున్నారు, అమ్మినవారు బిగించడంలో తప్పు జరిగిందంటున్నారు. మన సామాను మనం తెచ్చుకుంటే మెకానిక్ కాదనవచ్చా? ఇప్పుడు ఈ ఖర్చు ఎవరు భరించాలి?

జగిత్యాల_ఐ10
కాదనడం నాకు తప్పుగానే అనిపిస్తోంది. దర్జీకి గుడ్డ మనమే ఇస్తాం, కంసాలికి బంగారం మనమే ఇస్తాం, వాళ్ళు మజూరీ తీసుకుని పని చేస్తారు. కారు మెకానిక్‌కు మాత్రం సామాను కూడా ఆయన దగ్గరే కొనాలన్న నియమం ఎక్కడి నుంచి వచ్చింది? మూడేళ్ళుగా ఆయిల్, ఫిల్టర్లు, వైపర్లు, బ్రేక్ ప్యాడ్లు నేనే కొని ఇస్తున్నాను. ఇంతవరకు ఇబ్బంది రాలేదు, డబ్బు మాత్రం బాగానే మిగిలింది.

నర్సంపేట_రోడ్డు
జగిత్యాల అన్న చెప్పిన కంసాలి పోలిక సరిగ్గా ఉంది. తరుగు పేరుతో ఎంత పోతుందో అక్కడా తెలియదు, ఇక్కడా తెలియదు.

ఆటోనగర్_పాతమెకానిక్
వరంగల్‌లో 22 ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను, కాబట్టి మా వైపు నుంచి కూడా ఒక మాట వినండి. కొంచెం పెద్దగా రాస్తున్నాను.

దర్జీ పోలికనే తీసుకుందాం. మీరు ఇచ్చిన గుడ్డ మొదటి ఉతుకులోనే కుంచించుకుపోతే దర్జీ ఇంకో చొక్కా ఉచితంగా కుట్టి ఇవ్వడు, మీరూ అడగరు. కారు దగ్గరికి వచ్చేసరికి అడుగుతారు. క్లచ్ మార్చాలంటే గేర్‌బాక్స్ మొత్తం దించాలి. బ్యాటరీ, యాక్సిళ్ళు, మౌంటింగులు అన్నీ విప్పి, ఇద్దరు మనుషులు నాలుగైదు గంటలు పని చేస్తే ఆ చిన్న ప్లేటు బయటికి వస్తుంది. అంటే అక్కడ సామాను విలువ కంటే విప్పి బిగించే శ్రమ ఎక్కువ. నేను కొన్న ప్లేటు చెడిపోతే దుకాణదారుడి దగ్గరికి నేనే వెళ్ళి కొట్లాడి కొత్తది తెస్తాను, మళ్ళీ గేర్‌బాక్స్ దించడానికి మీ దగ్గర పైసా తీసుకోను. మీరు తెచ్చిన ప్లేటు చెడిపోతే ఆ రెండో రోజు కూలి ఎవరు ఇవ్వాలి? ఆన్‌లైన్‌లో అమ్మినవారు మహా అయితే ప్లేటు మార్చి ఇస్తారు, గేర్‌బాక్స్ దించిన కూలి ఇవ్వరు.

మనసులో ఉన్న ఇంకో మాట కూడా చెప్తాను. సామాను మీద మాకు పది, పదిహేను శాతం మిగులుతుంది, అది నిజం. మజూరీ 3,000 అంటే 2,000కు చేయమని అరగంట బేరమాడేవాళ్ళు, సామాను పెట్టె మీద అచ్చు వేసిన ధర చూపిస్తే మాట్లాడకుండా ఇచ్చేస్తారు. మనిషి శ్రమకు ధర కట్టడానికి మన దగ్గర చేయి రాదు. అందుకని షెడ్డు అద్దె, హెల్పర్ల జీతాలు, నా ఇంటి ఖర్చు అన్నీ ఆ పదిహేను శాతంలోకి పోయి దాక్కున్నాయి. మీరు సామాను బయట కొంటే ఆ దాగినదంతా ఒక్కసారిగా మజూరీలో కనిపిస్తుంది. ఆయన 3,000ను 5,000 చేయడానికి కారణం అదే అనుకుంటున్నాను. మీ మీద కోపంతో చేసిన పని కాదు.

ఇంకొక సంగతి. 9,400లో ఏమేమి కలిపారో ఆయనను అడిగారా? క్లచ్ పని అన్నప్పుడు నేనైతే ఆయిల్ కారకుండా ఆపే ఆయిల్ సీలు, గేర్ ఆయిల్ కూడా కలిపే లెక్క చెప్తాను. చీటీ ఉంటే ఒకసారి చూడండి.

హంటర్‌రోడ్_స్విఫ్ట్
అన్నా, మీరు చెప్పిన విషయం నేను ఆలోచించలేదు. చీటీ ఫోటో ఫోనులో ఉండాలి, వెతికి చెప్తాను.

మానుకోట_టీచర్
ఆటోనగర్ అన్న నిజాయితీగా రాశారు, అందుకు గౌరవిస్తున్నాను. కానీ గిరాకీ వైపు అనుభవం కూడా ఉంది. రెండేళ్ళ క్రితం మా ఆల్టోకు ముందు బ్రేక్ ప్యాడ్లు మార్చినప్పుడు బిల్లులో 1,900 రాశారు. ఖాళీ పెట్టె ఇవ్వమని అడిగితే, పారేశామన్నారు. నేను అక్కడే నిలబడ్డాను. చివరికి చెత్తడబ్బా అడుగున, గ్రీజు గుడ్డల కింద దొరికింది. దాని మీద గరిష్ఠ ధర 1,240. ముద్రించిన ధరలోనే పన్నులన్నీ కలిసి ఉంటాయనీ, అంతకు మించి తీసుకోవడం తూనికలు, కొలతల చట్టం ప్రకారం నేరమనీ బడిలో పిల్లలకు పాఠం చెప్పేదాన్ని నేను. అక్కడ ఆ మాటే చెప్పాను. 660 రూపాయలు తిరిగి ఇచ్చారు గానీ, ఆ రోజు నుంచి ఆ షెడ్డు గడప తొక్కలేదు. సామాను మేమే తెచ్చుకోవాలన్న ఆలోచన పుట్టేది ఇలాంటి చోటనే. మెకానిక్‌ను నమ్మగలిగితే ఏ గృహిణి, ఏ ఉద్యోగి తన పని మానుకుని ప్యాడ్ల కోసం దుకాణాలు తిరుగుతారు?

ఇప్పుడు ఏ షెడ్డుకు వెళ్ళినా సామాను పెట్టెను నా ఎదుటనే విప్పమంటాను. పాత సామాను, కొత్త పెట్టె రెండూ ఇంటికి తెచ్చుకుంటాను.

ఆటోనగర్_పాతమెకానిక్
టీచరమ్మా, మీకు జరిగింది తప్పే, దాన్ని నేను సమర్థించను. ముద్రించిన ధర కంటే పైసా ఎక్కువ తీసుకోవడం దొంగతనమే.

కరీంనగర్_స్పేర్స్
మాది కరీంనగర్‌లో స్పేర్ పార్ట్స్ దుకాణం, నాన్నగారి కాలం నుంచి నడుస్తోంది. టీచర్ గారు పెట్టె ఇంటికి తెచ్చుకోవడం మంచి అలవాటు, అయితే ఒక పని చేయండి. ఇంటికి తెచ్చాక దాన్ని చింపి పారేయండి. ఖాళీ పెట్టెలు, ఖాళీ ఆయిల్ డబ్బాలు మంచి ధరకు కొనేవారు ఉన్నారు, అందులోకి ఏ మాల్ వెళ్తుందో మీకు చెప్పనక్కర్లేదు. మా దుకాణానికి తిరిగి వచ్చిన ఆయిల్ డబ్బాకు నేను స్క్రూడ్రైవరుతో చిల్లు పెట్టి గానీ తుక్కులో వేయను.

ఆన్‌లైన్ సామాను అంతా నకిలీ అని నేను అనను, అలా అంటే అబద్ధమవుతుంది. ఆ ధరలకు మాకే సామాను పడదు, అంత పెద్ద మొత్తంలో వాళ్ళు కొంటారు. చూడవలసింది అమ్మే సైటు పేరు కాదు, దాని వెనుక అమ్ముతున్న వ్యాపారి పేరు. ఆ పేరు, చిరునామా, సామాను తయారైన దేశం సైటులో చూపించాలని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు చెప్తున్నాయి. కొనేవారిలో పది మందికి ఒకరు కూడా అది చదవరు.

అసలు బాధ నకిలీ కంటే తప్పు సామానుతో ఎక్కువ. ఒకే పేరున్న బండికి ఏళ్ళను బట్టి, ఇంజనును బట్టి సామాను మారుతుంది. మా దుకాణంలో బండి పేరు చెప్తే సామాను ఇవ్వం, ఆర్‌సీ చూపించమంటాం. ఛాసిస్ నంబరులోని 17 అక్షరాలను కంపెనీ కేటలాగులో వేస్తే ఆ బండి కోసం చేసిన సామాను నంబరు బయటికి వస్తుంది. ఆ నంబరు చేతిలో ఉంటే ఎక్కడ కొన్నా ఫరవాలేదు.

ధరల విషయం కూడా చెప్పాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి, అంతకు ముందు 28 శాతం జీఎస్టీ ఉన్న విడిభాగాలపై పన్ను 18 శాతానికి తగ్గింది. పాత పెట్టె మీద పాత ధర కనిపిస్తే, తగ్గించిన ధర ఎంతో అడిగి తీసుకోండి.

జగిత్యాల_ఐ10
స్పేర్స్ అన్న చెప్పింది నాకూ జరిగింది. ఇంతవరకు ఇబ్బంది రాలేదని పైన రాశాను గానీ అది పూర్తి నిజం కాదు, దాచడం న్యాయం కాదు కాబట్టి చెప్తున్నాను. మొదటిసారి ప్యాడ్లు కొన్నప్పుడు గ్రాండ్ ఐ10కి సరిపోయేవి వచ్చాయి. పాతవి, కొత్తవి అరచేతిలో పక్కపక్కన పెట్టి చూస్తే కవలల్లా ఉన్నాయి. ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్‌లో కూర్చోబెట్టేసరికి చెవి దగ్గర గోరంత పొడుగు వచ్చి ఇరుక్కుపోయాయి. మెకానిక్ కుర్రవాడు ఆకురాయి తీసి అరగదీయబోతే నేనే ఆపాను. బ్రేకు దగ్గర అలాంటి పని చేయించుకుంటే ఇంటికి చేరే వరకు నిద్ర పట్టదు. పాత ప్యాడ్లే తిరిగి బిగించి పంపారు, విప్పినందుకు 300 ఇచ్చాను.

కాజీపేట_జంక్షన్
ఆకురాయి ఆపినందుకు మీకు దండం పెట్టాలి అన్నా.

సింగరేణి_ట్యాక్సీ
భూపాలపల్లిలో రెండు బండ్లు తిప్పుతాను. నెలకు ఒక్కో బండి ఐదారు వేల కిలోమీటర్లు తిరుగుతుంది కాబట్టి ఈ లెక్క నాకు కడుపుతో ముడిపడిన లెక్క. ఆయిల్, ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు, కూలెంటు, బల్బులు, టైర్లు, బ్యాటరీ నేనే కొంటాను. వీటిలో తప్పు జరిగితే వెంటనే కంటికి కనిపిస్తుంది, మార్చడానికి గంట కూడా పట్టదు. టైరు మీద అచ్చు వేసిన నాలుగు అంకెలు చూసి కొంటాను, మొదటి రెండు అంకెలు వారం, చివరి రెండు సంవత్సరం. దుకాణంలో మూడేళ్ళు పడి ఉన్న టైరు ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోను.

క్లచ్, టైమింగ్ బెల్టు, ఇంజను లోపలి సీళ్ళు, స్టీరింగు సామాను మాత్రం మెకానిక్‌నే తెమ్మంటాను. ఆయనకు రెండు వందలో మూడు వందలో మిగిలితే మిగలనివ్వండి. రాత్రి పదకొండు గంటలకు కాటారం అడవిలో బండి ఆగితే ఫోను ఎత్తేది ఆయనే, సైటువాళ్ళు కాదు.

మానుకోట_టీచర్
ట్యాక్సీ అన్న, ఆ చివరి వాక్యం మా ఆయనకు చదివి వినిపించాను. ఆయనా అదే వాదిస్తారు.

నర్సంపేట_రోడ్డు
మరి మా లాంటి వాళ్ళకు రాత్రి ఫోను ఎత్తే మెకానిక్ దొరకాలి కదా. అందరికీ ఆ అదృష్టం లేదు.

సుబేదారి_వకీల్
ప్రశ్న అడిగిన సోదరుడి రెండు ప్రశ్నలకు చట్టం వైపు నుంచి సమాధానం చెప్తాను.

మెకానిక్ మీ సామాను బిగించనంటే బలవంతం చేయడానికి వీలు లేదు. అది ఆయన వ్యాపారం, ఏ షరతు మీద పని తీసుకోవాలో పని మొదలుపెట్టక ముందే చెప్పే స్వేచ్ఛ ఆయనకు ఉంది. మొదటి షెడ్డు ఆయన మజూరీ, గ్యారంటీ విషయం ముందే స్పష్టంగా చెప్పారు. వినడానికి కష్టంగా ఉన్నా, ఆ ఇద్దరు మెకానిక్‌లలో చట్టం దృష్టిలో శుభ్రంగా నడుచుకున్నది ఆయనే.

రెండో ప్రశ్నకు వస్తే, 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 తయారీదారును, అమ్మినవారిని, సేవ చేసినవారిని వేర్వేరుగా చూస్తుంది. సామానులో లోపం ఉంటే మొదటి ఇద్దరు, బిగించడంలో లోపం ఉంటే మూడో వ్యక్తి జవాబుదారీ. మీరు ఒకే చోట కొని బిగించుకుంటే అన్నీ ఒకే మెడకు చుట్టుకుంటాయి. విడివిడిగా చేస్తే, లోపం ఎక్కడుందో తేల్చి చెప్పే భారం మీ మీద పడుతుంది. మీ సామాను మీరు తెచ్చుకోవడంలో అసలు ఖర్చు ఇదే, చాలామంది దీన్ని లెక్కలోకి తీసుకోరు.

కాబట్టి ఇప్పుడు తొందరపడి గేర్‌బాక్స్ విప్పించకండి. విప్పేటప్పుడు మీరు పక్కన ఉండండి, మొదటి నుంచి చివరి వరకు వీడియో తీయండి, వీలైతే ఇంకో మెకానిక్‌ను కూడా సాక్షిగా పిలవండి. అమ్మినవారికి విప్పే తేదీ ముందే రాసి పంపండి. అవసరమైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేయండి. కేసు దాకా వెళ్తే, అమ్మినవారు ఢిల్లీలో ఉన్నా మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. గడువు రెండేళ్ళు, ఐదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు.

కాజీపేట_జంక్షన్
వకీల్ గారూ, షోరూం గ్యారంటీ ఉన్న కొత్త బండి సంగతి ఏమిటి? బయట ఎక్కడ ముట్టుకున్నా గ్యారంటీ పోతుందని భయపెడుతున్నారు.

సుబేదారి_వకీల్
2014 ఆగస్టులో, వ్యాపారాల మధ్య పోటీ సక్రమంగా ఉండేలా చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544.65 కోట్ల జరిమానా వేసింది. విడిభాగాలు, తనిఖీ పరికరాలు తమ డీలర్లకు తప్ప బయటి షెడ్లకు అందకుండా చేశారన్నది అభియోగం. బయట మరమ్మతు చేయించుకున్నంత మాత్రాన గ్యారంటీ మొత్తాన్ని రద్దు చేస్తామన్న గంపగుత్త షరతు పెట్టకూడదని అదే ఉత్తర్వులో చెప్పింది. కంపెనీలు దాని మీద అప్పీలుకు వెళ్ళాయి. నా సలహా మాత్రం ఒకటే. గ్యారంటీ ఉన్నన్నాళ్ళు ఇంజను, గేర్‌బాక్స్ సామాను బయట మార్పించకండి, ఏ భాగం మీద వివాదం వచ్చినా ఆ భాగం బిల్లు మీ చేతిలో ఉండాలి.

బీమా_సర్వే_పని
ఒక చిన్న చేర్పు. ప్రమాదం జరిగి బీమా క్లెయిము పెట్టినప్పుడు మీ సామాను మీరు తెచ్చుకునే ఆలోచన మానుకోండి. సర్వేయరు చూసి ఒప్పుకోక ముందు కొన్నదానికి డబ్బు రావడం కష్టం, జీఎస్టీ బిల్లు లేనిదానికి అసలే రాదు. మామూలు పాలసీలో రబ్బరు, నైలాను, ప్లాస్టిక్ భాగాలకు సగం విలువే ఇస్తారని కూడా గుర్తుంచుకోండి. బంపరు చౌకగా దొరికిందని ముందే కొని తెచ్చి బాధపడినవారిని చూశాను.

హంటర్‌రోడ్_స్విఫ్ట్
చీటీ ఫోటో దొరికింది. ఆటోనగర్ అన్న అన్నట్టే ఉంది. క్లచ్ సెట్టు 7,600, ఇంజను వైపు ఆయిల్ సీలు 450, గేర్ ఆయిల్ 1,350, మొత్తం 9,400. ఆ రోజు నేను కింది అంకె ఒక్కటే చూశాను. నా పెట్టె మీద ముద్రించిన ధర 7,900. అంటే ఆయన నాకు ముద్రించిన ధర కంటే తక్కువకే ఇస్తానన్నారు. నాకూ ఆయనకూ ఉన్న తేడా మూడు వేలు అనుకున్నాను, నిజానికి 1,250. ఆరేళ్ళ పరిచయం ఉన్న మనిషిని పైన అలా రాసినందుకు మనసు నొచ్చుకుంటోంది.

ఆటోనగర్_పాతమెకానిక్
మనసు నొచ్చుకోకు తమ్మీ. చీటీలో ఏముందో ఆయన కూడా నోటితో చెప్పి ఉండవలసింది. మాలో చాలామందికి ఆ ఓపిక ఉండదు, అది మా లోపమే.

ఒకటి అడుగుతాను. రెండో షెడ్డులో సీలు మార్చారా? మార్చకపోతే నాకు ఒక అనుమానం ఉంది. గేర్‌బాక్స్ దించాక ప్లేటును ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. నల్లగా ఉండి కాలిన ఆయిల్ వాసన వస్తే ఇంజను సీలు, ఘాటుగా గుప్పుమంటే గేర్‌బాక్స్ సీలు. రెండూ లేకుండా ప్లేటు పొడిగా ఉండి నీలి మచ్చలు పడితే అప్పుడు సామాను గురించో, బిగింపు గురించో మాట్లాడదాం.

హంటర్‌రోడ్_స్విఫ్ట్
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. వకీల్ గారు చెప్పినట్టు అమ్మినవారికి ముందే రాసి, నిన్న ఉదయం ములుగు రోడ్డు షెడ్డుకు వెళ్ళాను. మొదటి షెడ్డు ఆయనకు ఫోను చేసి జరిగింది చెప్తే, తన పని ఆపుకుని వచ్చి పక్కన నిలబడ్డారు. ఆయనకు ఆ అవసరం లేదు, అయినా వచ్చారు.

గేర్‌బాక్స్ కిందికి దిగగానే అందరికీ కనిపించింది. హౌసింగ్ అడుగున నల్లటి ఆయిల్ చుక్కలు కట్టి ఉంది. ప్లేటు తీసి తెల్లటి గుడ్డతో తుడిస్తే గుడ్డ మీద ప్లేటు ఆకారం మొత్తం నల్లగా అచ్చు పడింది. ఒక వైపు లైనింగు అద్దంలా మెరుస్తోంది. వాసన చూశాను, ఇంజను ఆయిలే. సామానులో లోపం లేదు, ప్లేటు సరిగ్గానే కూర్చుంది, బోల్టులు కూడా సరిగ్గానే బిగించారు. పాత సీలు కారి ఆ ఆయిల్ ప్లేటుకు అంటింది, వణుకు అందుకే, అంతే.

రెండో షెడ్డు ఆయనను నేను తప్పుపట్టబోయాను. ఆయన ఒక్క మాట అన్నారు. "సార్, మొన్న విప్పినప్పుడు అక్కడ తడి చూశాను. మీరు పెట్టెలో ఉన్నవే మార్చమన్నారు, ఇంకేమీ వద్దన్నారు. మళ్ళీ డబ్బు అడిగితే ఇంకేదో అంటగడుతున్నామని అంటారేమోనని ఊరుకున్నాను." నేను ఆ మాట అన్నది నిజమే. బండి దగ్గర నిలబడి రెండుసార్లు అన్నాను.

ఆటోనగర్_పాతమెకానిక్
చూసి కూడా చెప్పకపోవడం ఆయన తప్పు. గిరాకీ కాదన్నా సరే, చీటీ మీద రాసి సంతకం పెట్టించుకోవాలి. అయినా మీరు పంచాయతీ లేకుండా తేల్చుకున్నందుకు సంతోషంగా ఉంది. ప్లేటు ఆనుకునే ఫ్లైవీల్ శుభ్రం చేశారా?

హంటర్‌రోడ్_స్విఫ్ట్
చేశారు అన్నా. ప్రెజర్ ప్లేటు కూడా కడిగి ఆరబెట్టి అదే బిగించారు. కొత్త ప్లేటు 2,600, సీలు 450, ఈసారి కొత్త గేర్ ఆయిల్ 1,350. మొదటిసారి నా మాట మీద పాత ఆయిలే తిరిగి పోశారట. రెండోసారి మజూరీ ఆయన సగం కంటే తక్కువ, 1,500 తీసుకున్నారు. మొత్తం లెక్క వేస్తే 15,750 అయింది. మొదటి షెడ్డులో అడిగింది 12,400.

జగిత్యాల_ఐ10
లెక్క చూశాక కూడా నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. ఇక్కడ తేడా వచ్చింది సామాను సొంతంగా కొన్నందుకు కాదు, ఏమేమి కొనాలో మెకానిక్‌ను అడగకుండా కొన్నందుకు. ముందే వెళ్ళి, "క్లచ్ పనికి ఏ సామాను కావాలో, ఏ నంబరో రాసివ్వండి, మజూరీ మీరు చెప్పినంత ఇస్తాను" అని ఉంటే, ఆ రాసిచ్చిన చీటీలో సీలు తప్పకుండా ఉండేది. నేను ఇకమీద అలాగే చేస్తాను. రాసిచ్చినందుకు కూడా డబ్బు ఇస్తాను, అదీ పనే కదా.

కరీంనగర్_స్పేర్స్
ఈ మాటకు నేను పూర్తిగా ఒప్పుకుంటున్నాను. మెకానిక్ రాసిన చీటీతో వచ్చే గిరాకీకి మా దుకాణంలో తప్పు సామాను వెళ్ళిన సందర్భాలు చాలా అరుదు.

ఆటోనగర్_పాతమెకానిక్
జగిత్యాల తమ్ముడు చెప్పినట్టు వస్తే నా షెడ్డులో ఎవరి సామానైనా బిగిస్తాను. నేను పెట్టే షరతులు ఇవి. బిల్లు, పెట్టె నాకు చూపించాలి. ఎయిర్‌బ్యాగు, బ్రేకు సామాను బిల్లు లేకుండా ముట్టుకోను. మజూరీ నేను చెప్పినంత, బేరం లేదు. బిగింపుకు 1,000 కిలోమీటర్లు లేదా నెల రోజులు నాది బాధ్యత, సామానుకు కాదు. విప్పాక ఇంకేదైనా చెడిపోయినట్టు కనిపిస్తే ఫోటో తీసి పంపుతాను, వద్దంటే వద్దని రాసి పంపాలి. ఇదంతా జాబ్‌కార్డు వెనుక నాలుగు వరుసల్లో పడుతుంది.

సుబేదారి_వకీల్
ఆ నాలుగు వరుసలతో పాటు "సామాను యజమాని తెచ్చినది" అని, సామాను నంబరు, ఆ రోజు కిలోమీటర్ల రీడింగు కూడా రాయండి. రెండు కాపీలు తీసి ఇద్దరూ సంతకం పెట్టండి. వివాదం వచ్చినప్పుడు నోటి మాటలన్నీ ఆవిరైపోతాయి, ఈ కాగితం ఒక్కటే మిగులుతుంది.

నర్సంపేట_రోడ్డు
ఆటోనగర్ అన్నా, మజూరీలో బేరం లేదన్నారు, సరే. మరి మజూరీల పట్టిక షెడ్డు గోడ మీద రాసి పెడతారా? గోడ మీద ఉంటే మేమూ అడగం.

ఆటోనగర్_పాతమెకానిక్
పెడతాను. న్యాయమైన మాట అడిగారు. ఆయిల్ మార్పు, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్, సస్పెన్షన్ వరకు ఒక బోర్డు రాయిస్తాను. ఇంజను పనికి మాత్రం విప్పితే గానీ చెప్పలేను.

మానుకోట_టీచర్
మా ఆల్టో క్లచ్ కూడా ఈమధ్య గట్టిగా తగులుతోంది, పెడల్ సగం పైకి వచ్చాక గానీ బండి కదలడం లేదు. ఇప్పుడే క్లచ్ సెట్టు కొనాలా, ముందు చూపించాలా అన్నా?

ఆటోనగర్_పాతమెకానిక్
ఏమీ కొనకండి టీచరమ్మా. ముందు కేబుల్ చూడాలి, ఒక్కోసారి కేబుల్ సర్దితేనే సరిపోతుంది. ఆదివారం షెడ్డు బందు, సోమవారం పొద్దున తొమ్మిదికి తీసుకురండి.